చెయ్యి ఆగిన చోటు

హారికా, పోయిన ఆదివారం నువ్వు పూణే నుంచి ఫోన్లో కనిపించినప్పుడు నీ మొహం వాడిపోయి ఉంది. అన్నం తినలేదేమో అనుకున్నాను. తిన్నాను జేజీ, ఒక్క వాక్యం మీద మూడు గంటలుగా కూర్చున్నాను, ఇంకా లొంగలేదు అన్నావు. అదేం వాక్యమో చూపించమంటే పుస్తకాన్ని ఫోనుకు అడ్డంగా పట్టావు. కాలేజీలో పాత గ్రీకు నేర్చుకుంటున్నావట. వేల ఏళ్ళ కిందట రెండు ఊళ్ళు కొట్టుకున్న యుద్ధం గురించి, ఆ కాలంలోనే బతికినవాడు రాసిన చరిత్ర అట. పెద్ద పెద్ద పండితులే వాడి దగ్గర తల పట్టుకుంటారట. వెనక నుంచి నీ తమ్ముడు, జేజికి ఎందుకక్కా అవన్నీ అని నవ్వుతున్నాడు. నేను కళ్ళద్దాలు సర్దుకొని పై వరుస చదివాను. అర్థం తెలిసి కాదు, అక్షరాలు పలికానంతే. మీ ఇద్దరూ నోరు తెరుచుకొని ఉండిపోయారు. ఎవరు నేర్పించారని నువ్వు నాలుగుసార్లు అడిగావు. అంత కథ ఫోన్లో ఎట్లా చెప్పేది? అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకోండి, ఇద్దరూ.

మా ఊరు కోయిలకుంట్లకు పోయే దారిలో ఉండేది. మాది మగ్గాల వీధి. తెల్లారకముందే గంజి వాసనతో నిద్ర లేచేవాళ్ళం. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, రాగిపిండీ నూకలూ కలిపి గంజి కాచి, వీధి పొడుగునా చాచిన పడుగు దారాలకు పట్టించేది. కుంచెతో దువ్వుతూ వెనక్కి వెనక్కి నడిచే ఆ నడక నాకు ఇప్పుడు కూడా కళ్ళకు కడుతుంది. ఎండ ముదిరేలోగా పని కావాలి, లేకపోతే దారం బిరుసెక్కి తెగుతుంది. ఆ తర్వాత ఇంటింటా మగ్గాల చప్పుడు మొదలయ్యేది. నా పని అతుకులు. ఒక పడుగు అయిపోయాక, మగ్గానికి మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. వేలికి బూడిద అంటించుకొని మెలిపెడితే జారదు. వెయ్యికి పైగా పోగులు. ఒక్కటి తప్పిపోతే గుడ్డ పొడుగునా గీత పడుతుంది. పన్నెండేళ్ళకే నా వేళ్ళు ఆ పనికి ఎంత అలవాటుపడ్డాయంటే, చూడకుండానే చేసేదాన్ని.

అవ్వ గురించి ఒక సంగతి ముందే చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. మా తాత మగ్గం మీద కూర్చొనే పోయాడు. పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలో ఉండగానే తల పక్కకు వాల్చాడట. చీర సగంలో ఉంది. మా వీధిలో అట్లా సగంలో ఉన్న గుడ్డను కత్తిరించరు, విప్పరు. ఆ ఇంటి మనిషే ఎవరో ఒకరు కూర్చొని, పదకొండో రోజు కర్మంతరం లోపల దాన్ని ముగించి, అప్పుడు మగ్గం నుంచి కోయాలి. మా నాయన అప్పటికి చిన్నవాడు. ఆడవాళ్ళు నేయడానికి మగ్గం గుంతలోకి దిగడం ఆ రోజుల్లో మా వీధిలో లేదు. అవ్వ దిగింది. ఎవరినీ అడగలేదు, తానే ముగించి కోసింది. ఆ చీరను అమ్మలేదు, కట్టుకోలేదు. పెట్టెలో అడుగున పెట్టింది.

ఇక దేవసహాయం ఐవారు. ఐవారంటే మా వైపు బడిపంతులు. ఆయన పుట్టింది మా ఊరి అవతలి పేటలో. వాళ్ళ నాయన కూడా నేతగాడే, కానీ ముతక గుడ్డ నేసేవాడు, మా వీధిలోకి వచ్చినా అరుగు ఎక్కేవాడు కాడట. కొడుకును కడపలో మిషన్ బడికి పంపించాడు. అక్కడినుంచి ఆయన పాస్టరు చదువుకు పోయాడు. ఆ చదువులో గ్రీకు ఉండేదట, వాళ్ళ గ్రంథం కోసం. అక్కడ పాఠం చెప్పే ముసలి దొర ఒకాయన, ఈ పిల్లవాడి చురుకు చూసి, పాఠాల్లో లేని ఈ చరిత్ర పుస్తకం పట్టుకొని సాయంత్రాలు తనతో కలిసి చదివించాడట. మూడింట రెండు పాళ్ళు అయ్యేసరికి దొర చనిపోయాడు. పుస్తకం ఈయనకు మిగిలింది. ఈయన పాస్టరు కాలేదు, కడపలో బడిపంతులయ్యాడు. ముప్పై ఏళ్ళ తర్వాత, భార్య పోయాక, ఒక ఇనప పెట్టెతో ఊరికి తిరిగొచ్చి, మా వీధి చివర ఒక గదిలో దిగాడు.

వీధిలో ఎవరికి కార్డు ముక్క వచ్చినా ఆయనే చదివి పెట్టేవాడు, అర్జీ రాయాలన్నా ఆయనే. అందుకని అందరికీ గౌరవమే. కానీ మా ఇంటికొస్తే అరుగు మీదే కూర్చునేవాడు, గడప దాటేవాడు కాదు. ఆయనకని ఒక సత్తు గ్లాసు మా చూరులో దోపి ఉండేది. అవ్వ పైనుంచి నీళ్ళు పోసేది, ఆయన తాగి, కడిగి, మళ్ళీ ఆయనే చూరులో దోపేవాడు. దాన్ని గురించి ఆయన ఒక్క మాట అనగా నేను వినలేదు. మాకెవరికీ అది తప్పని తోచలేదు, అదీ చెప్పుకోవాలి.

ఒకరోజు ఆయన ఆ గ్లాసు కోసం చెయ్యి చాచి, చూరంతా తడుముతున్నాడు. గ్లాసు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అప్పుడు తెలిసింది మాకు. నీటికాసులట. పక్కల నుంచి చీకటి కమ్ముకొచ్చి మధ్యలో చిల్లంత వెలుగు మిగిలి, అది కూడా ఆరిపోతోందట. కడప డాక్టరు ఇక తిరిగి రాదని చెప్పేశాడు. ఆ వారంలోనే ఆయన పుస్తకం చంకన పెట్టుకొని మా నాయన దగ్గరికి వచ్చాడు. మగ్గం ఆగింది.

"ఒక్క సాయం కావాలప్పా," అన్నాడు. "నీ బిడ్డను పొద్దుగుంకే లోపల ఒక గంట నాకియ్యి. ఈ పుస్తకం నాకు చదివి పెట్టాల. నలభై ఏండ్ల నుంచి దీని కడాకు పోలేకుండా ఉండా. కండ్లు పాయ. నేను పోయేలోపల దీని కడా మాట నా చెవిన పడాల. అంతే."

మా నాయన, అదేం భాష ఐవారా, మా పిల్లకు తెలుగే కూడబలుక్కుంటే వస్తుంది కదా అన్నాడు. అర్థం అక్కర్లేదు, అక్షరం పలికితే చాలు, మిగతాది నా పని అన్నాడాయన. నాయన అవ్వ వైపు చూశాడు. మా ఇంట్లో ఆఖరి మాట ఆమెదే. అవ్వ తమలపాకుకు సున్నం రాసి, మడిచి, బుగ్గన పెట్టుకుంది. చివరికి, మొదలుపెట్టింది ఏదైనా ముగించాల, నడుమ ఇడిచిపెట్టకూడదు, దానికి ఒప్పుకుంటే సరే అంది. అప్పుడు ఐవారు కొంచెం తడబడ్డాడు. నేను చూశాను. ఎందుకో నాకు మూడేళ్ళ దాకా తెలియలేదు. అట్లే కానీ తల్లీ అన్నాడు.

అక్షరాలు నేర్పడానికి పలక లేదు. ఆయనకు పలక కనిపించదు కూడా. అతుకులకు వాడే బూడిద చేటలో పరిచి, ఆయన వేలితో రాస్తే నేను చూసేదాన్ని. నేను రాస్తే ఆయన ఆ గాడిని వేలికొసతో తడిమి చూసేవాడు. ఇరవైనాలుగు అక్షరాలు. నాకు తెలిసినవాటితో గుర్తుపెట్టుకున్నాను. ఒకటి కదురుకు చుట్టిన కండె, ఒకటి నడుముకు దారం కట్టిన గుడ్డు, ఒకటి అచ్చం జెర్రి. జెర్రి అక్షరం వస్తే నేను నవ్వేదాన్ని, ఆయన ఆగేవాడు. నెల రోజుల్లో ఏ పుట తెరిచినా పలకగలిగాను. ఆ మాటల అర్థం మాత్రం నాకు రాతిమీద నీళ్ళే, అంటలేదు. అయినా ఆ మొదటి వరుస పలికిన రోజు ఐవారు తల వంచుకొని, మళ్ళీ అనమ్మా అన్నాడు. మళ్ళీ అన్నాను. రాసినవాడు తన పేరూ తన ఊరి పేరూ చెప్పుకొని, ఈ యుద్ధం మొదలైనప్పుడే ఇది పెద్దదవుతుందని తెలిసి రాయడం మొదలుపెట్టానంటున్నాడని చెప్పాడు. అన్నేళ్ళ కిందట చచ్చిపోయిన మనిషి, నా నోట్లోంచి తన పేరు తాను చెప్పుకున్నాడు. నా ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా.

చదివే పద్ధతి ఇది. ఐవారి ముందు చాప మీద దోసెడు చింతగింజలు ఉండేవి. నేను వాక్యాన్ని నెమ్మదిగా పలికేదాన్ని. ఆ రచయిత ఒక సంగతి ఎత్తుకొని, దాన్ని ముగించకుండా ఇంకోటి ఎత్తుకొని, దాంట్లోనే మరొకటి దూర్చేవాడట. అట్లా ముగియకుండా నిలిచిపోయిన ఒక్కో సంగతికి ఐవారు ఒక్కో గింజ చాప మీద పెట్టేవాడు. తెలియని మాట వస్తే గింజ బదులు చిన్న రాయి. వాక్యం చివరికొచ్చేసరికి ఒక్కొక్క ముడీ విడిపోతుంటే గింజలు ఒక్కొక్కటే తిరిగి ఎత్తుకునేవాడు. చాప ఖాళీ అయితే వాక్యం దక్కినట్టు. ఒకసారి పదకొండు గింజలు నిలిచాయి. ఐదుసార్లు చదివించాడు, పదిసార్లు చదివించాడు. పొద్దుగుంకింది. ఈ పొద్దుకు రాసినాయప్పే గెల్చినాడులే అని లేచాడు. మరునాడు వచ్చి కూర్చుంటూనే, పుస్తకం తెరవకముందే, పదకొండు గింజలూ టకటకా ఎత్తేశాడు. రాత్రంతా నెమరేశాడన్నమాట. ఆ మొహంలో వెలుగు చూసి మగ్గం గుంతలోంచి మా నాయన కూడా నవ్వాడు.

కష్టంగా ఎందుకు రాయాలి, చెప్పేదేదో తిన్నగా చెప్పవచ్చు కదా అని నేను అడిగాను ఒకరోజు, విసుగొచ్చి. ఐవారు నన్నే అడిగాడు, వెయ్యి పోగులు ఒకటొకటీ ఎందుకు అతుకుతావు, అన్నీ కలిపి ఒక్క ముడి వేయవచ్చు కదా అని. నేను ఆ వాక్యాన్నే మళ్ళీ మొదటినుంచి పలికాను.

అర్థం చిక్కిన రోజుల్లో దాన్ని తెలుగులో గట్టిగా చెప్పేవాడు. నాకోసమే మొదలుపెట్టాడు. కానీ రెండు మూడు నెలలయ్యేసరికి ఆ వేళకు చుట్టుపక్కల నాలుగైదు మగ్గాలు ఆగిపోయేవి. దూది ఏకే మస్తాన్ మామ తన విల్లు గోడకు ఆనించి వచ్చి మెట్టు మీద కూర్చునేవాడు. ఒక ఊళ్ళో జనం రెండు పార్టీలై, గుళ్ళో దాక్కున్నవాళ్ళను కూడా వదలకుండా చంపుకున్న కథ కూడా ఐవారు ఒకరోజు చెప్పాడు. ఆ ముందు నెలలోనే పక్క ఊళ్ళో అట్లాంటిది జరిగింది. మస్తాన్ మామ మెట్టు మీదినుంచి ముందుకు వంగాడు.

"ఐవారా, ఈ రాసినాయప్పది ఏ ఊరంటిరి? ఆళ్లగడ్డ పక్కన కాదు గదా?"

అందరూ నవ్వారు, కానీ మెల్లగా నవ్వారు.

ఇంకొకటి చెప్తాను. సముద్రాన్ని ఏలే ఊరివాళ్ళు, దూరంగా ఒక దీవి మీదికి గొప్ప దండును పంపిస్తారు. మేమెవ్వరం సముద్రం చూసినవాళ్ళం కాదు. మాకు తెలిసిన పెద్ద నీళ్ళు మంత్రాలయంలో తుంగభద్ర, అదీ సగం రోజుల్లో ఇసుకే. అయినా ఆ పడవలు బయలుదేరే తెల్లవారుజాము, ఒడ్డున నిలబడ్డ తల్లిదండ్రులు, పడవలన్నిటిలోంచీ ఒక్క గొంతుతో లేచిన మొక్కు, అవన్నీ మా అరుగు మీదినుంచి చూశాం. చివరికి ఆ దండు ఓడిపోయింది. పట్టుబడ్డవాళ్ళను లోతైన రాతి గనుల్లో దించి వదిలేశారు. పగలు ఎండ, రాత్రి చలి, నీడ లేదు, మనిషికి గుక్కెడు నీళ్ళు, పక్కనే చచ్చినవాళ్ళు. మా ఊరికి పడమర నాపరాళ్ళ గనులు ఉండేవి. మే నెలలో ఆ గుంతలోకి దిగితే రాయి ఎట్లా కాలుతుందో మా వీధిలో ప్రతి పిల్లకూ తెలుసు. అంతవరకు తమలపాకులు నములుతూ లోపలే కూర్చొని వినేది అవ్వ. ఆ రోజు లేచి గడప దాకా వచ్చి, వాళ్ళకు కడుపునిండా నీళ్ళు ఎవరూ పోయలేదా అని అడిగింది. పోయలేదు తల్లీ అన్నాడు ఐవారు. అవ్వ లోపలికి వెళ్ళి, చెంబు తెచ్చి, అడగకుండానే ఆయన గ్లాసులో నీళ్ళు పోసింది. పైనుంచే పోసింది. కానీ గ్లాసు నిండి పొర్లేదాకా పోసింది.

ఇట్లా మూడేళ్ళు గడిచాయి. నాకు పదిహేను. ఐవారికి ఆయాసం పట్టుకుంది. వీధి చివరినుంచి మా అరుగుకు వచ్చేలోపల రెండు చోట్ల నిలబడేవాడు. పుస్తకంలో మిగిలిన పుటల మందం రోజూ వేళ్ళతో పట్టి చూసేవాడు. రోజుకు ఒక వాక్యం కాదమ్మా, రెండు చదువుదాం అనేవాడు. అర్థం చిక్కకపోయినా పోనీ, ముందుకు పోదాం అనేవాడు. మునుపు ఎప్పుడూ అట్లా అనలేదు.

నేను చేసిన తప్పు అప్పుడే బయటపడింది. ఆ పుస్తకం చాలా పాతది, చివరి పుటలు వదులైపోయి అట్ట ఊగులాడుతుండేది. రాలిపోతుందేమోనని, అంతకుముందు వానాకాలంలో, ఎవరికీ చెప్పకుండా దాని వీపుకూ వెనక అట్టకూ మా గంజి పట్టించాను. దారం తెగకుండా గంజి పెడతాం కదా, కాగితం కూడా గట్టిపడుతుంది అనుకున్నాను. కుంచెతో దువ్వి, నీడన ఆరబెట్టి, గూట్లో పెట్టాను, వానలకు చదువు ఆగి ఉండింది. మగ్గం ఇంట్లో ఎవరికైనా తోచేది అదే. రాగి గంజి తీపికి పురుగులు వస్తాయని, మేం గంజి దారాన్ని ఎన్నడూ నిలవ ఉంచం కనుక, నాకు తెలియదు. వానలు వెలిసి చూసేసరికి వెనక అట్ట, దానికి ఆనుకొని ఉన్న కొన్ని కాగితాలు జల్లెడైపోయి పొడి రాలాయి. ఆ పొడిని పొయ్యిలో వేసి, పుస్తకానికి పాత గుడ్డ చుట్టాను. ఎన్ని పుటలు పోయాయో, వాటిమీద ఏముందో నాకు తెలియదు. ఎవరికీ చెప్పలేదు. అంత దూరం చదివేనాటికి చూసుకుందాం అనుకున్నాను.

ఆ నాడు రానే వచ్చింది. ఎండ అరుగు దిగిపోతున్న వేళ. ఆ పుట చదువుతూ చదువుతూ కిందికి వచ్చాను. ఐవారు గింజలు పెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పుట అయిపోయింది. తిప్పితే ఏమీ లేదు, పురుగు తిన్న అంచులు తప్ప. వాక్యం ఆగిపోయిన చోట చుక్క కూడా లేదు. చాప మీద నాలుగు గింజలు ఉన్నాయి. ఐవారు చెయ్యి చాచి, అవి ఎత్తడానికి సిద్ధంగా, తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు. నలభై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి. కడా మాట నేను పొయ్యిలో వేశాను.

ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. పుస్తకాన్ని చప్పుడు కాకుండా నడిమికి తెరిచి, ఏ పుట వస్తే ఆ పుటనుంచి చదవడం మొదలుపెట్టాను. గొంతు మార్చలేదు. ఆగలేదు. ఆయన గింజ ఇంకొకటి తీసుకున్నాడు, పెట్టలేదు. చేతిలోనే పట్టుకొని వింటున్నాడు. నేను చదువుతూనే ఉన్నాను. పది వరుసలు దాటాయి, పుట దాటింది. ఆయన మొహం మెత్తబడింది, నవ్వుతున్నట్టు, ఏడుస్తున్నట్టు.

"రత్నమ్మా," అన్నాడు మెల్లగా, "ఈ పడవలు మళ్ళా యాడికి పోతాండాయి? ఈ పిల్లోల్లంతా రాతి గనుల్లో సచ్చిపోయిరి గదమ్మా, మనమే చదివితిమి."

నేను పుస్తకం కింద పెట్టి ఏడ్చాను. గంజి సంగతి, పురుగుల సంగతి, పొయ్యి సంగతి అన్నీ చెప్పాను. మగ్గం ఆగి, నాయన లేచి వచ్చాడు. అవ్వ గడపలోకి వచ్చింది. నాయన చెయ్యి ఎత్తాడు. ఐవారు ఆ అలికిడికే వద్దన్నట్టు అరచేయి చూపించాడు. నువ్వు ఆగిన చోట చివరి మాట ఏమిటి, పలుకు అన్నాడు. వెతికి పలికాను. మళ్ళీ పలకమన్నాడు. మూడోసారి నాతో కలిసి ఆయన కూడా పలికాడు.

అదే కడా మాటమ్మా అన్నాడు. నువ్వు కాల్చింది పుస్తకం వెనకాల ఉండే వట్టి పేర్ల పట్టీ. ఆయప్ప రాసింది అంతే. ఆ వాక్యం నడుమనే ఆయన చెయ్యి ఆగిపోయింది. చచ్చిపోయినాడో, ఏమైనాడో ఎవరికీ తెలియదు. యుద్ధం ఇంకా ఆరేడేళ్ళు జరిగింది, ఆయన రాయలేదు. దొర బతికున్నప్పుడే నాకు చెప్పినాడు, ఈ పుస్తకానికి కొస లేదని, ఏ సంగతి నడుమ తెగిందో కూడా. యాడ ఆగిందో నా చెవులతో నేను వినాల అని, అంతే నాకుండిన ఆశ.

మరి ముందే ఎందుకు చెప్పలేదని నాయన అడిగాడు. కొంచెం కోపంగానే.

"మగ్గమున్న ఇంటికొచ్చి, ముగియని దాన్ని మొదులుపెడ్తామని ఎట్లా చెప్పేదప్పా? మీ అమ్మ ఆ పొద్దే చెప్పె గదా, నడుమ ఇడిచిపెట్టకూడదని. చెప్తే ఈ బిడ్డను పంపిస్తాంటిరా?"

చాప మీద నాలుగు గింజలు అట్లాగే ఉన్నాయి. అవ్వ వాటినే చూస్తోంది. ఆ రాసినాయన ఇంటోళ్ళు ఎవరూ కూర్చొని ముగించలేదా అని అడిగింది. తర్వాత చాలామంది అక్కడినుంచి ఎత్తుకొని యుద్ధం కడదాకా రాశారట, కానీ ఎవరి పుస్తకం వారిదే, ఈ వాక్యాన్ని మాత్రం ఎవరూ తాకలేదు, అట్లాగే వదిలేశారు అని ఐవారు చెప్పాడు. అవ్వ లోపలికి పోయింది. పెట్టె మూత చప్పుడు వినిపించింది. తాత చీర తెచ్చింది. నేను అంతవరకు దాన్ని మడత విప్పి చూసింది లేదు. అవ్వ గడప దాటి వచ్చి, అరుగు మీద ఐవారి ఎదురుగా కూర్చుంది. ఆయన రెండు చేతులూ తానే పట్టుకొని, ఆ చీర వాటిలో పెట్టింది. అవ్వ ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు.

ఏం వెతకాలో ఎవరూ చెప్పలేదు. ఐవారు కూడా నేతగాడి కొడుకే, మా తాత చీర సంగతి వీధంతా తెలిసిందే. చీరను మోకాళ్ళ మీద పరుచుకొని, అంచు దగ్గరినుంచి బొటనవేలితో, చూపుడువేలితో నిమురుతూ పోయాడు. తాతది గట్టి చెయ్యి, పోగు మీద దెబ్బ బిగువుగా పడేది. అవ్వది అలవాటు లేని చెయ్యి, నేత కొంచెం వదులు. కంటికి ఏమీ తెలియదు, ఎర్రంచు తెల్లచీర, పొడుగునా ఒక్కటే. ఆయన వేళ్ళు జానెడు జానెడు పోయి, పోయి, ఒక చోట ఆగాయి. కొంచెం వెనక్కి వచ్చి మళ్ళీ అక్కడే ఆగాయి.

"ఈడ," అన్నాడు.

అవ్వ అవునంది. అంతే. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ గింజలను ఐవారు ఎత్తలేదు. అవ్వే ఎత్తి, ఆ సత్తు గ్లాసులో వేసి, గ్లాసును తీసుకుపోయి లోపల గూట్లో పెట్టింది. మరునాటినుంచి ఆయనకు మా గ్లాసులోనే నీళ్ళు ఇచ్చింది. దాన్ని గురించి కూడా ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఐవారు ఆ ఎండాకాలం దాటలేదు. పుస్తకాన్ని ఆయన బంధువులెవరో కడపకు తీసుకుపోయారు. తర్వాత ఏమైందో తెలియదు. నాకు పెళ్ళయింది, మీ తాతతో ఊళ్ళు తిరిగాను, నేత పోయింది, ఆ వీధిలో ఇప్పుడు ఒక్క మగ్గం లేదు. పోయినేడు వెళ్ళి చూశాను. మా అరుగు ఉన్న చోట సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది.

హారికా, నీ ఫోన్లో ఏ మాట మీద వేలు పెడితే ఆ మాటకు అర్థం వస్తుందట కదా. ఐవారు ఒక్క మాట కోసం వారం రోజులు చాప మీద రాయి పెట్టుకొని కూర్చునేవాడు. అది గొప్ప, ఇది తక్కువ అని నేను అనను. ఆయనకు ఆ ఫోను ఉండి ఉంటే ముద్దు పెట్టుకునేవాడు. కానీ అన్నీ ఉన్నా నువ్వు కూడా ఒక్క వాక్యం దగ్గర మూడు గంటలు కూర్చున్నావని విని నాకు లోపల ఎంత సంతోషమైందో. ఆయప్ప ఇంకా ఎవరికీ సులువుగా లొంగలేదన్నమాట. నాకు అర్థం తెలియని ఆ మాటలు అరవై ఏళ్ళు నా నోట్లో చెడకుండా ఉన్నాయన్నమాట. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

కడా మాట దాకా పోవడానికి నీకు ఎన్నాళ్ళు పడుతుందో. అక్కడికి చేరిన రోజు నాకు ఫోన్ చెయ్యి, కలిసి పలుకుదాం. ఉగాది సెలవులకు మీ ఇద్దరూ వస్తామన్నారు. అవ్వ ఆ చీర నాకు ఇచ్చి పోయింది, బీరువాలో పట్టుచీరల కింద ఉంది. మీ చేతిలో పెడతాను. కళ్ళు మూసుకొని ఆ చోటు వెతకండి. నేను మాత్రం చెప్పను.